పాత కంపెనీ మీద కలిసి వేసే కేసు: చేరాలా, వద్దా?

ఈ ఏడాదిలో మన బంధువుల్లో మూడు ఇళ్ళ నుంచి ఒకే ప్రశ్న మా దాకా వచ్చింది. ఒకటి పుణె నుంచి, ఒకటి హైదరాబాద్ నుంచి, ఒకటి అమెరికా నుంచి. "మునుపు చేసిన కంపెనీ మీద అందరూ కలిసి కేసు వేస్తున్నరు, మమ్మల్ని కూడా చేరమంటున్నరు, ఏం చేద్దాం?" అని. నాలుగో ఇల్లు మాదే. కాబట్టి పక్కన నిలబడి చెప్పే సలహా కాదిది. మేమూ అదే కాగితం చేతిలో పెట్టుకుని కూర్చున్నాం.

మామూలుగా ఇక్కడ మన పెద్దల ముచ్చట్లు, పాత ఫోటోలు, పండగ వంటలు రాసుకుంటాం. ఇది వాటికి దూరమైన సంగతేం కాదు. మన తాతలు కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ వైపు ఊళ్ళు విడిచి బల్లార్షాలో దిగింది జీతం కోసమే. బొగ్గు బావుల్లో కొందరు, 1945లో పెట్టిన కాగితం మిల్లులో కొందరు, రైల్వేలో కొందరు కుదిరారు. బామ్ని ఫాటా చుట్టూ మన ఇళ్ళు లేచింది ఆ జీతాల మీదే. వర్ధా దాటితే వచ్చే రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఇన్ని గీతలు మారినా మన ఇళ్ళల్లో మారని మాట ఒకటే: "ఈ నెల జీతం పడ్డదా?" ఆ జీతం పడనప్పుడు ఏం చేయాలన్నది కూడా మన వారసత్వంలో భాగమే.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. రావలసిన బాకీ అంకెల్లో చెప్పగలిగితే, దానికి కాగితం ఉంటే, కలిసి వేసే కేసులో చేరాలి. కోపం తప్ప లెక్క లేకపోతే చేరకపోవడం మంచిది. సిగ్గుపడి మానుకోవడం మాత్రం వద్దు. ఎందుకో కింద చెప్తాం.

మా సంగతి

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. చదువు రాయచూరు వైపు కన్నడ మీడియంలో అయింది, తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవే, తప్పులుంటే సర్దుకోండి. బెంగళూరులోని ఒక కంపెనీకి ఏడేళ్ళు పనిచేశాం, చివరి మూడేళ్ళు బామ్నిలో ఇంటి నుంచే. ఆ కంపెనీ పేరు ఇక్కడ అక్కర్లేదు. ప్రాజెక్టు పోయింది అన్నారు. ఒక్క వీడియో కాల్‌లో ముప్ఫై ఎనిమిది మందితో "స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాం" అన్న మెయిలు పంపించుకున్నారు. పంపకపోతే రిలీవింగ్ లెటర్ రాదన్నారు. గ్రాట్యుటీ "ప్రాసెస్‌లో ఉంది" అంటూ ఇప్పటికీ వేయలేదు.

రాజీనామా అనే మాటకు అంత పట్టు ఎందుకంటే లెక్క అక్కడే ఉంది. మా ఉద్యోగాలు పోయింది కొత్త లేబర్ కోడ్‌లు రాకముందు, కాబట్టి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే చూడాలి. అందులో 25ఎఫ్ సెక్షన్ ప్రకారం ఏడాది నిండిన కార్మికుణ్ణి తీసేయాలంటే ఒక నెల నోటీసు కానీ ఆ నెల జీతం కానీ ఇవ్వాలి. దానితో పాటు చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. తనంతట తాను మానేసినవాడికి ఇవేవీ లేవు. ఒక్క మెయిలుతో ముప్ఫై ఎనిమిది మంది పరిహారం తుడిచిపెట్టుకుపోయింది.

గ్రాట్యుటీ వేరు. అయిదేళ్ళు నిండినవాళ్ళకు రాజీనామా చేసినా రావాల్సిందే. 1972 చట్టం లెక్క అందరికీ తెలిసి ఉండాలి: ఆఖరి నెల బేసిక్, డీఏ కలిపిన మొత్తాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, దాన్ని సర్వీసు ఏళ్ళతో హెచ్చించాలి. 26,000 బేసిక్ ఉన్నవాళ్ళకు ఏడాదికి 15,000, ఏడేళ్ళకు 1,05,000. మాకు రావాల్సింది ఆ పరిసరాల్లోనే ఉంది. పెద్ద డబ్బు కాదు, అట్లని వదిలేసేదీ కాదు. ఇంటి మీద రేకులు మార్పించి స్లాబు వేయించడానికి అడ్వాన్సు అంత.

మాలో ఒకమ్మాయి ఉంది. నాలుగేళ్ళ పది నెలలు చేసింది. ఇంకో రెండు నెలలు ఆగితే అయిదేళ్ళు నిండేవి. మాకు లక్ష పోయినా వేరే ఉద్యోగం దొరికింది. ఆ అమ్మాయికి వాదించడానికి ఆధారం కావాలి, ఒంటరిగా లాయర్ ఫీజు కట్టలేదు. మేమిద్దరం కలిసి లెక్క వేసుకున్నప్పుడు మా మనసు మొదట కదిలింది అక్కడే.

ఉప్పు తిన్న మాట

ఇంట్లో మొదటి అభ్యంతరం పెద్దబాపు నుంచి వచ్చింది. బొగ్గు బావిలో ముప్ఫై ఏళ్ళకు పైగా చేసి రిటైరయిన మనిషి. "ఏడేండ్లు అన్నం పెట్టిన ఇంటి మీద కేసేస్తరా బిడ్డా? తిన్నింటి వాసాలు లెక్కపెడ్తరా?" అన్నాడు. మా బడిలో నేర్పిన కన్నడ సామెత కూడా అదే మాట అంటుంది: ఉప్పిక్కిదవరన్ను ముప్పిన తనక నెనె. ఉప్పు పెట్టినవాళ్ళను ముసలితనం దాకా తలుచుకో అని. రెండు భాషలూ ఒకే మాట చెప్తుంటే తేలిగ్గా తీసేయలేం.

కానీ నిదానంగా ఆలోచిస్తే ఈ సామెతలు పుట్టింది ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టిన ఇంటి గురించి. అక్కడ పెట్టినవాడు బదులు అడగలేదు. ఉద్యోగం అట్లాంటిది కాదు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి రిలీజ్ అయ్యేదాకా మేము ఇచ్చింది ముందు, నెలాఖరున వాళ్ళు ఇచ్చింది తర్వాత. గ్రాట్యుటీ అన్నది ఆ చేసిన పనిలో వాళ్ళ దగ్గర ఆపి ఉంచిన వంతు. మన డబ్బు మనం అడగడం వాసాలు లెక్కపెట్టడం ఎట్లా అవుతుంది? కిరాణా కొట్టువాడు నెలాఖరున ఖాతా పుస్తకం తెచ్చి చూపిస్తే వాణ్ణి ద్రోహి అంటామా?

పెద్దబాపుకు మేము గుర్తు చేసింది ఇంకొకటి ఉంది. ఆయన జీతం ఎన్నడూ ఒంటరిగా అడిగి పెంచుకున్నది కాదు. బొగ్గు గనులు 1973లో జాతీయమయ్యాక 1975 జనవరి 1 నుంచి మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం అమలయింది. అప్పటి నుంచి కార్మిక సంఘాలు, యాజమాన్యం ఒక బల్ల చుట్టూ కూర్చుని దేశం మొత్తం గనులకు కలిపి తేలుస్తున్నారు. పదకొండో ఒప్పందం 2023 మే 20న సంతకమైంది, 2021 జూలై 1 నుంచి లెక్కలోకి వచ్చింది, కనీస పెంపు 19 శాతం. బావిలో దిగిన తెలుగాయనకూ, ఛత్తీస్‌గఢ్ ఆయనకూ, జార్ఖండ్ ఆయనకూ అదే రేటు. ఇదంతా కలిసి అడగడమే కదా పెద్దబాపూ అంటే, ఆయన కాసేపు మాట్లాడలేదు. "అది యూనియన్, ఇది కోర్టు" అన్నాడు. ఆ తేడా నిజమే. దాని సంగతే ఇప్పుడు చెప్పాలి.

అమెరికాలో ఒక దారి, ఇక్కడ ఒక దారి

క్లాస్ యాక్షన్ అన్న మాట మనోళ్ళకు అమెరికా చుట్టాల నుంచి వచ్చింది. అక్కడ ఫెడరల్ కోర్టుల్లో రూల్ 23 అని ఒకటి ఉంది. ఒకరో ఇద్దరో అందరి తరఫున కేసు వేస్తారు. అందరి కష్టం ఒకటేనని కోర్టు ఒప్పుకుంటే ఆ గుంపులోని ప్రతివాళ్ళూ దానంతట అదే లోపల ఉన్నట్టు. డబ్బు అడిగే కేసుల్లో, వద్దనుకున్నవాళ్ళే కాగితం రాసి బయటికి రావాలి. జీతం, ఓవర్‌టైమ్ గురించిన ఫెడరల్ చట్టం కింద వేసే కేసు దీనికి తలకిందులు. అక్కడ చేరతామని సంతకం పెట్టినవాళ్ళే లోపల. కాబట్టి అమెరికా నుంచి అడిగిన చెల్లెలికి మా మొదటి జవాబు: "నీకు వచ్చిన నోటీసు ఏ రకందో ముందు చూడమ్మా. ఊరుకుంటే లోపల ఉంటావా, బయట ఉంటావా అన్నది దాని మీద ఉంటది."

మన వాళ్ళకు బాగా దగ్గరైన కేసు 2006లో కాలిఫోర్నియాలో వేసినది. టాటా కన్సల్టెన్సీ ఇక్కడి నుంచి అక్కడికి పంపిన ఉద్యోగుల్లో ఇద్దరు వేశారు. అమెరికా ప్రభుత్వం వెనక్కి ఇచ్చే పన్ను రీఫండ్ చెక్కులు కంపెనీకి రాసివ్వమన్నారని, చెప్పిన జీతంలో కోతలు పెట్టారని వాళ్ళ ఆరోపణ. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు. 2012లో కోర్టు దాన్ని క్లాస్ యాక్షన్‌గా అంగీకరించింది. 2013లో 2 కోట్ల 97 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. గుంపులో 12 వేల మందికి పైగా ఉన్నారు. భాగిస్తే సగటున తలకు 2,500 డాలర్ల లోపే, అదీ లాయర్ల ఖర్చు తీయకముందు. ఏడేళ్ళు పట్టింది. తక్కువేనా? ఒక్కొక్కరికి చూస్తే తక్కువే. కానీ ఆ 12 వేల మందిలో ఎంతమంది ఆ రెండు వేల డాలర్ల కోసం సొంతంగా లాయరును పెట్టుకునేవాళ్ళు? చిన్న బాకీలు చాలామందికి ఉన్నప్పుడు కలిసి వేసే కేసు పనికొచ్చేది అందుకే.

అన్నిసార్లూ కోర్టు ఒప్పుకోదు. 2005లో కత్రినా తుపాను తర్వాత అమెరికా గల్ఫ్ తీరంలో సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే ఓడల మరమ్మతు కంపెనీ సుమారు 500 మంది భారతీయ వెల్డర్లను, పైపు ఫిట్టర్లను తీసుకెళ్ళింది. గ్రీన్ కార్డు ఆశ చూపి వేల డాలర్లు వసూలు చేశారని, కిక్కిరిసిన క్యాంపుల్లో పెట్టారని 2008లో కేసు పడింది. క్లాస్ యాక్షన్‌గా 2012లో కోర్టు ఒప్పుకోలేదు. ఎవరి కథ వాళ్ళది వేరుగా ఉందన్నది అడ్డం వచ్చింది. అప్పుడు వేర్వేరు లాయర్లు ఫీజు లేకుండా ముందుకొచ్చి కేసులు విడివిడిగా వేశారు. 2015 ఫిబ్రవరిలో మొదటి అయిదుగురికే సుమారు 1.4 కోట్ల డాలర్లు ఇవ్వాలని జ్యూరీ చెప్పింది. ఆ ఏడాదే కంపెనీ దివాలా పెట్టింది, మిగతా కేసులు 2 కోట్ల డాలర్లకు రాజీ అయ్యాయి. గుంపుగా ఒప్పుకోకపోయినా ఒకరి చేయి ఒకరు వదలకపోవడం వల్లే అది సాధ్యమైంది.

ఇంకో సంగతి కూడా అక్కడివాళ్ళు చూసుకోవాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు పెట్టిన సంతకాల్లో "వివాదం వస్తే ఆర్బిట్రేషన్‌కే, అదీ ఒంటరిగానే" అనే షరతు ఉందేమో. 2018లో ఎపిక్ సిస్టమ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో అట్లాంటి షరతు చెల్లుతుందని చెప్పింది. ఆ కాగితం ఉంటే గుంపులో చేరే దారి దాదాపు మూసుకుపోయినట్టే.

మన దేశంలో మాజీ ఉద్యోగులకు అమెరికా తరహా క్లాస్ యాక్షన్ లేదు. 2013 కంపెనీల చట్టంలో 245 సెక్షన్ ఉంది కానీ అది వాటాదారులకు, డిపాజిటర్లకు. దాని పుట్టుక వెనక మన హైదరాబాద్ కథే ఉంది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లెక్కలు తప్పని లేఖ రాశాక అమెరికాలో షేర్లు కొన్నవాళ్ళు అక్కడ క్లాస్ యాక్షన్ వేసి కంపెనీ నుంచి 12.5 కోట్ల డాలర్లు, ఆడిట్ సంస్థ నుంచి 2.55 కోట్ల డాలర్లు రాబట్టారు. ఇక్కడ అవే షేర్లు కొన్న మన చిన్న మదుపరులకు అట్లాంటి దారే లేకపోయింది. అదే కంపెనీ, అదే మోసం, దేశం మారితే హక్కు మారింది.

ఉద్యోగులకు ఇక్కడ ఉన్న దారులు వేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 కింద కోర్టు అనుమతితో కొందరు అందరి తరఫున దావా వేయొచ్చు. యూనియన్ ద్వారా వివాదం లేపొచ్చు. లేదా ఒక్కొక్కరి పేరుతో అర్జీలు తయారుచేసి అన్నీ ఒకేసారి, ఒకే లాయరుతో వేయొచ్చు. మా ముప్ఫై ఎనిమిది మంది అనుకుంటున్నది ఈ మూడోదే. పేరుకు కలిసి వేసే కేసే కానీ చట్టం కళ్ళకు ముప్ఫై ఎనిమిది అర్జీలు.

టెస్టర్ "కార్మికుడు" అవుతాడా అని చాలామంది అడుగుతారు. కోర్టులు చూసేది కార్డు మీద రాసిన హోదాను కాదు, నిజంగా చేసే పనిని. సాంకేతిక పని చేసేవాళ్ళు చట్టంలోని నిర్వచనంలోకి వస్తారు. ఇతరుల మీద అజమాయిషీ చేసే మేనేజర్లు రారు. "సీనియర్ క్వాలిటీ అనలిస్ట్" అని ఎంత పెద్ద పేరు పెట్టినా, కింద ఒక్క మనిషీ లేకుండా పొద్దస్తమానం టెస్ట్ కేసులు నడిపినవాళ్ళకు వాదన ఉంటుంది.

పక్క ఊళ్ళు చెప్పిన పాఠం

కంపెనీ బతికి ఉండగా అడగడం వేరు, మూతపడ్డాక అడగడం వేరు. దీనికి మనకు దూరం పోనక్కర్లేదు. బల్లార్షాలో కాజీపేట వైపు రైలెక్కితే కాగజ్‌నగర్ వస్తుంది. అక్కడి సిర్పూర్ పేపర్ మిల్లు 2014 సెప్టెంబర్‌లో ఆగిపోయింది. నాలుగేళ్ళు ఆ ఊరు ఎట్లా బతికిందో మన చుట్టాలకు తెలుసు. ఎన్‌సీఎల్‌టీ ద్వారా జేకే పేపర్ తీసుకుని 2018లో మళ్ళీ తెరిచింది. ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు తీసే మిల్లు, మన బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్‌దే, 2014 ఏప్రిల్‌లో ఆగింది. అది మళ్ళీ నడవలేదు. 2020 జనవరిలో బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ ముంబై ఎన్‌సీఎల్‌టీలో దివాలా ప్రక్రియలోకి పోయింది. కమలాపురంలో జీతం కోసం ఎదురుచూసిన ఇళ్ళకు ఆ ఏళ్ళు ఎట్లా గడిచాయో వాళ్ళకే తెలియాలి.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒక పద్ధతి. కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోతే పత్రికలో ప్రకటన వస్తుంది, బాకీ ఉన్నవాళ్ళంతా క్లెయిమ్ పెట్టాలి. కార్మికులు ఎవరికి వాళ్ళు పెట్టుకోవచ్చు, లేదా అందరి తరఫున ఒక ప్రతినిధి పెట్టొచ్చు. గడువు దాటితే కష్టం. పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందాక అందులో లేని పాత బాకీలు చెల్లిపోయినట్టేనని 2021 ఏప్రిల్ 13న ఘనశ్యామ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడగనివాడి బాకీ అక్కడితో చెరిగిపోతుంది. మర్యాదకు ఊరుకున్నాడని ఎవరూ పక్కన తీసిపెట్టరు.

లిక్విడేషన్ దాకా పోతే వరస ఉంటుంది. కార్మికుల చివరి 24 నెలల బాకీ, తాకట్టు ఉన్న బ్యాంకులతో సమానంగా. కార్మికులు కాని ఉద్యోగులకు చివరి 12 నెలల బాకీ, వాళ్ళ తర్వాత. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల్లో కార్మికులకు రావాల్సింది పంచే ఆస్తిలో కలపకూడదని 36వ సెక్షన్ అంటుంది. జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగులు సంఘాలుగా కలిసి పోరాడితేనే 2022 అక్టోబర్‌లో అప్పీలు ట్రిబ్యునల్ పీఎఫ్, గ్రాట్యుటీ చెల్లించమంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది.

మా పాత కంపెనీ ఇప్పటికి నడుస్తోంది. రేపు నడవకపోతే మేము కాగజ్‌నగర్, కమలాపురం వాళ్ళ వరసలో నిలబడాలి. ఇప్పుడే అడగడానికి మా రెండో కారణం ఇది.

వద్దనేవాళ్ళ మాటల్లో నిజం

ఎదుటి వాదనను తక్కువ చేయం. సాఫ్ట్‌వేర్ లోకం పైకి పెద్దది, లోపల చిన్నది. కొత్త ఉద్యోగంలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పాత హెచ్ఆర్ దగ్గరికే పోతుంది. "ఈమె కేసు వేసింది" అని ఒక ఫోన్‌లో చెప్తే కాగితం మీద ఎక్కడా కనబడదు. ఇంట్లో ఒక్కరి జీతం మీద నడిచేవాళ్ళు, వీసా మీద ఉన్నవాళ్ళు, కొత్త ఉద్యోగం ఇంకా ఖాయం కానివాళ్ళు చేరకపోతే వాళ్ళను పిరికివాళ్ళనే హక్కు ఎవరికీ లేదు. చేరినవాళ్ళు చేరనివాళ్ళను గ్రూపులో తిట్టడం మేము చూశాం. అది తప్పు. ఎవరి పొయ్యి సంగతి వాళ్ళకే తెలుస్తుంది.

కాలం కూడా నిజమే. లేబర్ కోర్టు తారీఖులు సంవత్సరాలు సాగుతాయి. ఖర్చు కూడా నిజమే. కేసు గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడం మన దేశంలో లాయర్లకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. కాబట్టి "ఇప్పుడేం ఇవ్వకండి, వచ్చినదాంట్లో ముప్ఫై శాతం" అనే మనిషి కనబడితే జాగ్రత్త. తలా కొంత వేసుకుని ముందే ఫీజు కట్టడం శుభ్రమైన పద్ధతి. మా గుంపులో తలకు మూడు వేలు అనుకున్నాం, ఆ అమ్మాయి వంతు అయిదుగురం పంచుకున్నాం.

మా టెస్టింగ్ పని నుంచి ఒక్క పోలిక చెప్తాం. ఒక లోపం మా ఒక్కరి మెషీన్‌లో కనబడితే డెవలపర్ "మా దగ్గర రావట్లేదు" అని రాసి మూసేస్తాడు. అదే లోపం నలుగురి దగ్గర, ఒకే మెట్లు నడిస్తే, ఒకే తీరుగా వస్తే మూయలేడు. ఒకే రోజు, ఒకే గంటలో, ఒకే మాటలతో ముప్ఫై ఎనిమిది "స్వచ్ఛంద" రాజీనామాలు వెళ్ళాయని చూపిస్తే, అవి స్వచ్ఛందం అని ఏ అధికారి ముందు చెప్పడమైనా కష్టం. ఒంటరిగా చూపిస్తే మాది ఒక్క రాజీనామా మాత్రమే. కలిసి నిలబడితే అదే సాక్ష్యం.

అదే పోలిక రెండో వైపు కూడా పనిచేస్తుంది. వేర్వేరు లోపాలన్నీ ఒకే రిపోర్టులో కుక్కితే దాన్ని ఎవరూ సరిచేయరు. మా గుంపులో కొందరు మేనేజర్ అవమానించాడని, ప్రమోషన్ ఇవ్వలేదని కూడా ఇదే అర్జీలో కలపమన్నారు. అవి నిజం కాదని కాదు. ఒక్కొక్కరి కథ ఒక్కో తీరు. అమెరికాలో సిగ్నల్ కార్మికులకు అడ్డం వచ్చింది కూడా ఇట్లాంటి తేడానే. అందరికీ ఉమ్మడిగా ఉన్నవి రెండే: రాజీనామా రాయించుకున్న తీరు, ఆపిన గ్రాట్యుటీ. కేసు ఆ రెండింటి మీదే ఉండాలి.

చేరే ముందు చూసుకోవాల్సినవి

మన ఇళ్ళ నుంచి అడిగినవాళ్ళకు మేము చెప్తున్నది ఇది. ముందు మీ బాకీ ఒక కాగితం మీద అంకెల్లో రాయండి. రాయలేకపోతే ఆగండి. అపాయింట్‌మెంట్ లెటర్, ఆఖరి మూడు నెలల పే స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్, రాజీనామా మెయిలు, దానికి ముందు వెనక వచ్చిన మెసేజ్‌లు అన్నీ మీ సొంత మెయిలులో దాచుకోండి. కంపెనీ లాప్‌టాప్‌లో ఉన్న కస్టమర్ల ఫైళ్ళు, కోడ్ మాత్రం ముట్టొద్దు. అది మన కేసునే పాడుచేస్తుంది.

ఫుల్ అండ్ ఫైనల్ కాగితంలో "ఇంకేమీ రావలసింది లేదు" అన్న వాక్యం ఉంటే లాయరుకు ముందే చూపించండి. వకాలత్‌నామా మీద సంతకం పెట్టేముందు రాజీ చేసే అధికారం ఎవరికి ఇస్తున్నారో చదవండి. ఆర్డర్ 1 రూల్ 8 కింద వేసిన దావా అయితే కోర్టు అనుమతి లేకుండా రాజీ చెల్లదు. విడివిడి అర్జీలైతే ఆ కాపలా లేదు, మీరే చూసుకోవాలి. రాజీ వస్తే కంపెనీ గురించి ఎక్కడా మాట్లాడొద్దనే షరతు పెడతారు, దానికి సిద్ధమేనా అని ముందే అనుకోండి.

గడువు మరిచిపోవద్దు. ఉద్యోగం తీసేసిన వివాదానికి పాత చట్టంలో మూడేళ్ళు ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో రెండేళ్ళే. అదే రోజు నుంచి అమలైన వేతనాల కోడ్ ప్రకారం మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. "మూడు నెలలు ఆగు, ఆరు నెలలు ఆగు" అనే మాట విన్నప్పుడు మన పిల్లలకు ఈ రెండు రోజుల సంగతి తెలిసి ఉండాలి.

మా ఇంట్లో తేల్చుకున్నది: చేరుతున్నాం. ఆ రెండు అంశాల మీదే సంతకం పెడతాం, మూడోది కలిపితే బయటికి వస్తామని గ్రూపులో రాశాం. పెద్దబాపు ఇప్పటికీ మనసారా ఒప్పుకోలేదు. కానీ మొన్న తన ట్రంకు పెట్టె తెరిచి బావిలో పనిచేసిన రోజుల వేజ్ స్లిప్పులు తీసి చూపించాడు. ఒక్కటి కూడా పారేయలేదు, ఏడాదివారీగా దారంతో కట్టి పెట్టుకున్నాడు. కేసు వేయొద్దన్న మనిషే లెక్క ఎట్లా దాచాలో మాకు నేర్పాడు.

మీ ఇళ్ళల్లో కూడా అట్లాంటి పెట్టెలు ఉండే ఉంటాయి. మిల్లు చీటీలు, బావి స్లిప్పులు, పాత పీఎఫ్ కాగితాలు చెదలు పట్టకముందే ఫోటోలు తీసి ఇంట్లో పిల్లలకు పంపండి. ఉద్యోగంలో ఉన్న పిల్లలు తమ పే స్లిప్పులు ఈ ఆదివారమే సొంత మెయిలుకు పంపుకోండి. కేసులో చేరినా, చేరకపోయినా, మన పని లెక్క మన దగ్గర ఉండాలి.